కోరల డాక్టరుకి అయిదుగురు సాక్షులు

బొమ్మల కథల పుస్తకంలో అందరికన్నా చివర చెయ్యి పెట్టేది నేను. కథ యజమాని చెబుతాడు. బొమ్మ మా మరిది వేస్తాడు, దాని మీద ఇంకూ వాడే దిద్దుతాడు. తెల్లగా ఖాళీగా ఉన్న మాటల బుడగలతో ఆ అట్టలన్నీ నా బల్ల మీదికి వస్తాయి. వాటిలో మాటలు నింపడం నా పని. నింపి, ఆరబెట్టి, పక్కనున్న ప్రెస్సుకి పంపానంటే ఇక ఆ పేజీని మార్చే మొనగాడు లేడు. యుద్ధం రాకముందు ఈ పని మా ఆయన చేసేవాడు. ఆయన్ని సైన్యం తీసుకుపోయింది. ఆ కుర్చీలోకి యజమాని ఎవరినో తేబోతుంటే, "ఇన్నేళ్ళూ ఇంట్లో ఆయన రాతే చూశాను, నాకు రాదా ఏం?" అని వెళ్ళి కూర్చున్నాను. వచ్చింది. నిజానికి ఆయన కన్నా గుండ్రంగానే వచ్చింది. ఆ సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు.

మా కథానాయకుడి పేరు పెనుగాలి. పొద్దస్తమానం తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టుకునే నోట్లో నాలుక లేని గుమాస్తా. దేశానికి ఆపద వచ్చిందంటే మాత్రం పసుపుపచ్చ బిగుతు దుస్తుల్లో మేడెక్కి ఒక్క ఊదు ఊదుతాడు, శత్రువుల విమానాలు ఎండుటాకుల్లా ఎగిరిపోతాయి. ఆ ఊదుడు రాయలేక నా చెయ్యి పడిపోయేది. సగం పేజీ 'ఫూ', మిగతా సగం దాని దీర్ఘం. పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ ఎగబడి చదివేవారు. పేపర్లో మనవాళ్ళు వెనక్కి తగ్గారని వార్త వచ్చిన రోజున మరీ ఎగబడేవారు. ఎక్కడో ఒకచోట గెలవాలి కదా పాపం.

అలా సాగుతుండగా యజమానికి కొత్త ఆలోచన పుట్టింది.

"విమానాలు చాలు," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "జనానికి విమానాల భయం అలవాటైపోయింది. ఇప్పుడు పక్కింటివాడంటే భయం పుట్టాలి. గూఢచారి కావాలి నాకు! మన మధ్యే తిరగాలి, మనల్ని నవ్వుతూ పలకరించాలి, లోపల రాక్షసుడై ఉండాలి. శనివారానికల్లా వాడి ముఖం నా బల్ల మీద ఉండాలి."

మా మరిదికి ఊహించి గీయడం చేతకాదు. వాడు చూసిన ముఖాన్నే గీస్తాడు. పెనుగాలి ముఖం వాళ్ళ అన్నయ్యది, అంటే మా ఆయనది, అందుకే అంత అమాయకంగా ఉంటుంది. శత్రు సేనాపతి ముఖం వాడి పాత లెక్కల మాస్టారిది. గూఢచారికి ఏ ముఖమూ దొరక్క మూడు రోజులు వీధులన్నీ తిరిగాడు. నాలుగో రోజు వాడికి దవడ వాచింది. మా ఆఫీసు కింద, అదే మేడలో పళ్ళ డాక్టరు ఉంటాడు. కిందికి దిగి పన్ను పీకించుకుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని పైకొచ్చి, అన్నం కూడా తినకుండా గీయడం మొదలుపెట్టాడు. కోపంతో పెన్సిలు మొన రెండుసార్లు విరిగింది.

అలా పుట్టాడు కోరల డాక్టరు. నోటికి తెల్లటి గుడ్డ, నుదుటి మీద కళ్ళు జిగేల్‌మనిపించే దీపం, చేతిలో పట్టకారు, మీదికి ఉరుకుతున్నట్టు రెండు దట్టమైన కనుబొమ్మలు. వీడు జనం పళ్ళలో గోధుమగింజంత రేడియోలు పెడతాడు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకున్నదంతా సముద్రం అడుగున దాక్కున్న శత్రు సేనాపతికి వినిపిస్తుంది. "నోరు బాగా తెరవండి, దేశం గుట్టంతా కనిపించాలి!" అని వాడి చేత నేనే అనిపించాను. ఆ మాట ఊరంతా పట్టుకుంది. బడి పిల్లలు అదే, ట్రాములో ఎక్కినవాళ్ళు అదే. యజమాని ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

నాకు ఆ ముఖం ఎవరిదో తట్టలేదు; కింది డాక్టరు నుంచి పళ్ళ వైద్యం ఒక్కటే అరువు తెచ్చుకున్నాడనుకున్నాను. మా వంశంలో పళ్ళు గట్టివి. ఆ డాక్టరు కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు. మెట్ల దగ్గర కనబడితే గొడుగు ముడుస్తూ, "బాగున్నావామ్మా?" అనే పొట్టి పెద్దమనిషిగానే ఆయన నాకు తెలుసు.

ముందు ఆగింది ఆయన పళ్ళు తొలిచే మర శబ్దం. కాలితో తొక్కే ఆ మర గుర్రుమన్నప్పుడల్లా పైన నా బల్ల వణికేది, నా సున్నాలు కోడిగుడ్లయ్యేవి. ఎన్నిసార్లు తిట్టుకున్నానో. కోరల డాక్టరు మూడో సంచిక వచ్చాక నా సున్నాలు చక్కగా కుదరడం మొదలైంది. ఆయన ఊళ్ళో లేడేమో అనుకున్నాను. ఆ మధ్యాహ్నం కిందికి దిగితే, ఆయన స్టూలెక్కి నిలబడి పళ్ళు గీకే పనిముట్టుతో తన తలుపుని గీకుతున్నాడు. తలుపు మీద మా పుస్తకంలోని పేజీ ఎవరో అంటించారు. దాని కింద తారుతో పెద్ద అక్షరాల్లో రాశారు: ఇక్కడ నోరు తెరవకండి.

ఆయన నన్ను చూసి స్టూలు దిగాడు. "ఒక్క మాట అడుగుతాను, మొహమాటపడకుండా చెప్పమ్మా. నా కనుబొమ్మలు నిజంగా అలా ఉంటాయా?"

"మీవా?" అని నేను పకపకా నవ్వాను. "ఇవి మీ కనుబొమ్మలెందుకు అవుతాయండీ?"

ఆయన నన్ను లోపలికి తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీ వెనక్కి వాలింది. ఆయన నోటికి గుడ్డ కట్టుకుని, నుదుటి దీపం వెలిగించి, నా మీదికి వంగాడు. సాక్షాత్తూ కోరల డాక్టరు! నిలబడి చూస్తే అరచెయ్యంత ముఖం, కింద నుంచి చూసేసరికి గోడంత అయింది. ఊళ్ళో సగం మంది ఆయన్ని చూసింది ఆ కుర్చీలోంచే, నోరు తెరుచుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. మా మరిది సరిగ్గా ఆ చూపునే గీశాడు. అందుకే అందరూ పోల్చుకున్నారు, నేను తప్ప.

డాక్టరు గుడ్డ విప్పి పక్కన కూర్చున్నాడు. ఆయన భార్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, కన్నీళ్ళు తుడుచుకుంటూ గోడకి ఆనుకుని నిలబడింది. అసలు సంగతి అప్పుడు తెలిసింది. డాక్టరు పుట్టింది అవతలి దేశంలో, ఇప్పుడు మనతో యుద్ధం చేస్తున్న దేశంలో. కుర్రతనంలో చదువుకోవడానికి ఇక్కడికి వచ్చాడు, ఈవిడ్ని పెళ్ళి చేసుకున్నాడు, ఇక్కడే ఉండిపోయాడు. యుద్ధం మొదలైనప్పుడు పోలీసులు పిలిచి, మాట్లాడి, సరే పొమ్మన్నారు. మా పుస్తకం వచ్చాక మాత్రం ఆయన మీద ఫిర్యాదులు కుప్పలు తెప్పలుగా వెళ్ళాయి. సోమవారం విచారణ. ఆయన్ని బాగా ఎరిగినవాళ్ళు అయిదుగురు స్వయంగా వచ్చి ఆయన తరఫున నిలబడి చెప్పాలి. భార్య సాక్ష్యం చెల్లదు. అయిదుగురు రాకపోతే అక్కణ్ణుంచి అటే ముళ్ళకంచె శిబిరానికి తీసుకుపోతారు.

"అయిదుగురేనా! ఊళ్ళో సగం నోళ్ళు మీ చేతి మీదుగా బాగుపడ్డవేగా," అన్నాను.

"నోళ్ళకేం కొదవలేదమ్మా," అన్నాడాయన. "నా కోసం మాట్లాడేదే ఒక్కటీ లేదు."

మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు. మరిది బ్రష్షు కడుక్కుంటున్నాడు. వాడి చేతిలోంచి బ్రష్షు లాక్కున్నాను.

"ఏమయ్యా మరిదీ, పన్ను పీకినందుకు మనిషినే పీకేస్తావా?"

జరిగిందంతా చెప్పాను. వాడి ముఖం పాలిపోయింది. "కావాలని చెయ్యలేదు వదినా. నొప్పిలో ఉన్నాను. చెయ్యి దానంతటదే గీసింది."

"చెయ్యి గీస్తుంటే నీ బుర్ర ఏ ఊరెళ్ళింది?"

"సోమవారం నేనొచ్చి చెబుతాను," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వూ రా. ఇద్దరం అవుతాం."

ఇంకా ముగ్గురు కావాలి. వీధిలో పడ్డాను. ముందు కిరాణా కొట్టు బాబాయి దగ్గరికెళ్ళాను. ఆయన నోట్లో నాలుగు పళ్ళకి వెండి పెట్టింది ఈ డాక్టరే.

"నేను రాను," అన్నాడు తూకం రాయి తుడుస్తూ. "ఆ వెండి పెట్టించుకున్నప్పట్నుంచీ నా తలలో ఒకటే గుసగుస. రోజంతా ఎవరో ఏదో చెబుతూనే ఉన్నారు."

"అది పిన్ని గొంతు బాబాయ్," అన్నాను. ఆయన నవ్వలేదు.

కుట్టుపని చేసే అక్క తలుపు సందులోంచే మాట్లాడింది. "నిజమో అబద్ధమో నాకేం తెలుసమ్మా. పుస్తకంలో వేశారు కదా." ట్రాము డ్రైవరు మాత్రం సూటిగా నా ముఖంలోకి చూశాడు. "ఆ మాటలు రాసింది నువ్వేగా? అబద్ధమైతే ఎందుకు రాశావు? నిజమైతే ఇప్పుడెందుకు తిరుగుతున్నావు?" తిరిగొస్తూ ఆలోచించాను. నేను నోటితో చెబితే ఒక్కడూ నమ్మడు. నేను బుడగలో రాస్తే ఊరంతా నమ్ముతుంది. అలాంటప్పుడు బుడగలోనే చెబుదాం.

యజమానిని అడిగాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. "మతి పోయిందా? ఈ శనివారం కోరల డాక్టరు చచ్చే సంచిక! పెనుగాలి గంటస్తంభం మీంచి వాణ్ణి ఊదేస్తాడు. బొమ్మలన్నీ నేను చూసి, సరేనన్నాను. నువ్వెళ్ళి మాటలు నింపు."

బొమ్మలు ఆయన చూశాడు. మాటలు చూడడు. ఏనాడూ చూడలేదు. ఆయన చెప్పిన కథే కదా, అందులో చూడ్డానికేముంది అని ఆయన ధీమా. నా బల్ల మీంచి అట్టలు తిన్నగా ప్రెస్సుకే పోతాయి.

కోరల డాక్టరు శత్రువుల్లో చేరి రహస్యంగా మన కోసం పనిచేసేవాడని చెప్పాలనుకుని, మర్నాడు పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను. బొమ్మలు మార్చలేను, బుడగల కొలత మార్చలేను. ఏ బుడగలో ఎన్ని మాటలు పడతాయో అన్నే పడాలి. మొదటి పేజీలో కోరల డాక్టరు పట్టకారు పైకెత్తి విరగబడి నవ్వుతున్నాడు. అక్కడ రాయాల్సింది "హహహ! ఈ పళ్ళన్నీ నావే!" నేను రాసింది: "సేనాపతి చూస్తున్నాడు. నవ్వాలి. హహహ!" పక్క బొమ్మలో పెనుగాలి కళ్ళెర్రజేసి వేలు చూపిస్తున్నాడు. "చావు, ద్రోహీ!" అని రాయాలి. బుడగ ఇరుకు. కాస్త చిన్న అక్షరాల్లో రాశాను: "పడ్డట్టు నటించు!" డాక్టరు స్తంభం మీంచి ఎగిరిపోతూ "ఆఆఆ!" అంటున్నాడు. అది అలాగే ఉంచాను. అంతెత్తు నుంచి పడితే మిత్రుడైనా అలాగే అరుస్తాడు.

నాలుగో పేజీలో ఇరుక్కుపోయాను. సముద్రం అడుగున శత్రు సేనాపతి చెవులకి యంత్రం తగిలించుకుని చెవుల దాకా నవ్వుతున్నాడు. నేను రాసుకున్న మాట: "మోసం! ఆ పళ్ళలోంచి మన గుట్టే వాళ్ళకి వినబడుతోంది!" ఆ మాటకి ఆ నవ్వు ఎలా అతుకుతుంది? తల పట్టుకు కూర్చుంటే నా భుజం వెనక నీడ పడింది. మరిది. ఎప్పుడొచ్చాడో, అన్నీ చదివేశాడు. సన్న బ్రష్షు తీసుకుని, చిటికెడు తెల్ల రంగు అద్ది, సేనాపతి పెదాల చివర్లు రెండూ కిందికి వంచాడు. లెక్కల మాస్టారు ఏడుపుముఖం పెట్టాడు.

చివరి పేజీ కూడా నా చేతిలోంచి లాక్కున్నాడు. అందులో కిందపడ్డ డాక్టరు కాలరు పట్టుకోవడానికి పెనుగాలి చెయ్యి చాస్తున్నాడు. వాడు డాక్టరు నోటి గుడ్డనీ, నుదుటి దీపాన్నీ తెల్ల రంగుతో చెరిపేశాడు. అది ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు. తర్వాత ఆ ముఖాన్ని మళ్ళీ గీశాడు, ఈసారి ఎదురుగా నిలబడి చూస్తే ఎలా ఉంటుందో అలా. గొడుగు ముడుస్తూ "బాగున్నావామ్మా?" అనే ముఖం వచ్చింది. నేను రాశాను: "లే డాక్టర్! ఇన్నాళ్ళూ తిట్లు తిని దేశాన్ని కాపాడింది నువ్వు. పద, ఇంటికి!" పెనుగాలి చాచిన చెయ్యి ఇప్పుడు లేవదీసే చెయ్యయింది. అట్టలు చంకన పెట్టుకుని నేనే ప్రెస్సుకి తీసుకెళ్ళాను. యంత్రం కదిలాక నా పక్కనున్న మరిది పీకేసిన పన్ను సందు కనబడేలా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. భయం కూడా వేసింది, కాదనను.

శనివారం ఉదయం యజమాని పుస్తకం పట్టుకుని నిప్పులు చెరుగుతూ వచ్చాడు. "చంపమంటే మహాత్ముణ్ణి చేస్తారా! బయటికి నడవండి ఇద్దరూ! ఈ గుమ్మంలో మళ్ళీ కనబడ్డారంటే..." ఆయన మాట పూర్తి కాకముందే పేపర్లు అమ్మే అతను తలుపు తోసుకుని వచ్చాడు. తెచ్చుకున్న కట్ట అయిపోయిందట, ఇంకో రెండు కట్టలు కావాలట, చౌరస్తాలో జనం కొట్టుకుంటున్నారట. యజమాని నోరు తెరుచుకుని మా వంకా అతని వంకా చూశాడు. తర్వాత ప్రెస్సు వైపు తిరిగి, "ఇంకా కొట్టండి!" అని కేకేసి, మాతో మెల్లగా అన్నాడు: "ఇలాంటి మలుపు ఒకటి నా మనసులోనూ ఉందిలే."

సాయంత్రానికి ఊరు తల్లకిందులైంది. డాక్టరు తలుపు మీద తారు ఎవరో కిరసనాయిలు పోసి కడిగేశారు. పిల్లలు ఆయన కిటికీ ముందు వరసగా నిలబడి సెల్యూట్లు కొడుతున్నారు. కిరాణా బాబాయి చెంప పట్టుకుని వీధంతా తిరుగుతూ, "దేశం రేడియో నా పంట్లో ఉంది! శత్రువు గుట్టంతా నాకు ముందే తెలుసు!" అని చాటుతున్నాడు. నాకు కాలు నేల మీద ఆనలేదు. పరుగెత్తుకెళ్ళి డాక్టరుకి చెప్పాను, "అయిదుగురు కాదండీ, సోమవారం అయిదు వందల మంది వస్తారు!"

ఆయన ముఖంలో సంతోషం లేదు. "నేను పళ్ళలో వెండి పెట్టానమ్మా. రేడియోలు కాదు. అవతలి దేశంలో పుట్టినవాడు నిజంగానే జనం నోళ్ళలో రేడియోలు పెట్టాడని ఆ అధికారితో అంటే, ఆయన ఏమనుకుంటాడు?"

నా ఉత్సాహం నీరుగారిపోయింది. అంత దూరం నేను ఆలోచించలేదు.

సోమవారం విచారణ గది కిటకిటలాడింది. కిటికీలెక్కి కూర్చున్నారు. "కోరల డాక్టరుకి జై!" అని బయట కేకలు. డాక్టరు ముందు బెంచీ మీద కూర్చున్నాడు, పక్కన ఆయన భార్య. శిబిరానికి పంపితే వెంట ఉంటాయని రెండు జతల బట్టలు, ఒక దుప్పటి సంచీలో సర్ది, ఆ సంచీని ఒళ్ళోంచి దించకుండా పట్టుకుంది. విచారణాధికారి బక్కపలచటి మనిషి. ఆయన బల్ల మీద మా పుస్తకం ఉంది.

పిలవకముందే కిరాణా బాబాయి లేచాడు. "సార్! నా పంట్లో రేడియో ఉంది! మా డాక్టరుగారే పెట్టారు!"

గదంతా చప్పట్లు. అధికారి కలం కింద పెట్టాడు. "రేడియో పెట్టాడా?" అన్నాడు నెమ్మదిగా. గుమ్మంలో ఉన్న ఇద్దరు సిపాయిలు ఒక అడుగు ముందుకు వేశారు.

డాక్టరు లేచి నిలబడ్డాడు. "లేదండీ. అది వెండి. ఎవరి నోట్లోనూ రేడియో లేదు. నేను గూఢచారినీ కాను, వీరుడినీ కాను. పళ్ళ డాక్టర్ని. అంతే." కూర్చున్నాడు.

చప్పట్లు ఆగిపోయాయి. అధికారి పుస్తకం పైకెత్తి అందరికీ చూపించాడు. "మొన్న దీన్ని చూసి వణికారు. నిన్న దీన్ని చూసి జై కొట్టారు. రెండూ నాకక్కర్లేదు. ఈ మనిషి గురించి మీ అంతట మీకు తెలిసింది చెప్పగలిగితే లేవండి. లేకపోతే ఇళ్ళకి పొండి."

ఎవరూ కదల్లేదు. కిటికీల మీదివాళ్ళు మెల్లగా కిందికి దిగుతున్నారు. అప్పుడు మా మరిది లేచాడు.

"ఈయన్ని రాక్షసుణ్ణి చేసింది నేనే సార్. పన్ను పీకాడన్న కోపంతో గీశాను. ఆ పన్ను పీకకపోతే చీము మెడలోకి దిగేదని అప్పుడే చెప్పాడు. నేను వినిపించుకోలేదు. పీకేటప్పుడు నేను ఆయన చెయ్యి కొరికాను. ఆ మచ్చ ఇంకా ఉంది చూడండి. 'నొప్పి మీది, కోపం కూడా రావాలిగా' అన్నాడు నాతో."

రెండోదాన్ని నేను లేచాను. "నా పళ్ళన్నీ దేవుడిచ్చినవే సార్, వాటి గురించి ఈయనకేమీ తెలియదు. కానీ ఈయన తలుపు మీద తారు పూస్తే, ఎవరు పూశారని అడగలేదు. నా కనుబొమ్మలు నిజంగా అలా ఉంటాయా అని అడిగాడు. తప్పు తనలో ఉందేమోనని వెతుక్కునే మనిషి." కూర్చున్నాను.

వెనక నుంచి కుట్టుపని అక్క లేచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, తీసేసింది. "నేను ఆ కుర్చీలో ఉండగా సైరన్ మోగింది. చిగురు కోసి ఉంది, నెత్తురు ఆగట్లేదు. మేడలో అందరూ నేలమాళిగలోకి పరుగెత్తారు. నేను లేవలేను. 'మీరు వెళ్ళండి' అని సైగ చేశాను. ఆయన వెళ్ళలేదు. నా ముఖం మీదికి వంగి కుట్లు వేస్తూనే ఉన్నాడు. కిటికీ అద్దాలు పగిలి ఆయన వీపు మీద పడ్డాయి. నా మీద ఒక్క ముక్కా పడలేదు." ఆమె ఏడ్చేసింది. "ఇది నాకు తెలుసు సార్. ఒక బొమ్మ చూసి మర్చిపోయాను."

ట్రాము డ్రైవరు టోపీ తీసి చేత్తో పట్టుకుని లేచాడు. "మా అమ్మ మంచం దిగలేదు, నమల్లేదు. ఈయన పనిముట్లన్నీ భుజాన వేసుకుని మా నాలుగో అంతస్తు దాకా ఎక్కి వచ్చేవాడు. ఒక్కసారి కాదు. పళ్ళు కుదిరేదాకా వచ్చాడు. ఇప్పుడు మా అమ్మ నములుతుంది. నన్ను తిడుతుంది కూడా, ఒక్క మాట పొల్లు పోకుండా." గదిలో నవ్వులు లేచాయి. నలుగురయ్యారు. ఇంకొక్కరు కావాలి. డాక్టరు భార్య సంచీ మీద వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది.

కిరాణా బాబాయి మళ్ళీ లేచాడు. ఈసారి ఆ జోరు లేదు. తల దించుకునే మాట్లాడాడు.

"నా పంట్లో రేడియో లేదు సార్. ఆ తలుపు మీద తారు పూసింది నేనే. తారు నా కొట్లోదే. ఈ అమ్మాయి వచ్చి సాక్ష్యానికి పిలిస్తే రానన్నాను. ఆ పూటే నాకు పన్ను సలపరం పెట్టింది, తట్టుకోలేకపోయాను. ఇంకో దిక్కులేక దొడ్డిదారిన ఆయన దగ్గరికే వెళ్ళాను. పెదవి పట్టి చూపించబోతే నా గోళ్ళ నిండా తారు. ఎంత కడిగినా పోలేదు. ఆయన ఆ గోళ్ళు చూశాడు. చూసి, దీపం వెలిగించి, 'నోరు తెరవండి' అన్నాడు. అంతే సార్. ఇంకొక్క మాట అనలేదు. నొప్పి లేకుండా చూశాడు."

బాబాయి రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళు అధికారికి చూపించాడు. గోళ్ళ అంచుల్లో నల్లటి గీతలు ఇంకా ఉన్నాయి. ఆ చేతులు అలాగే చాచి డాక్టరు వైపు తిరిగాడు. డాక్టరు లేచి వెళ్ళి ఆ చేతులు పట్టుకున్నాడు.

అధికారి మా పుస్తకాన్ని మడిచి సొరుగులో వేశాడు. "అయిదుగురు పూర్తయ్యారు. డాక్టరుగారూ, మీరు ఇంటికి వెళ్ళొచ్చు. రేపు మీ దుకాణం తెరవండి."

మేడ ఎగిరిపోయేంత కేకలు లేచాయి. మరిది నన్ను ఎత్తి తిప్పబోయి, నా బరువు తెలిసి మానుకున్నాడు. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, ఎవరినో కౌగిలించుకుంటున్నాను. ఆ గోలలో మూల నుంచి ఒక ముసలావిడ చెయ్యెత్తి ముందుకొచ్చింది. "నేనింకా చెప్పలేదు." ఆమె వెనక ఒక మేస్త్రీ నిలబడ్డాడు. ఆయన వెనక బడి పంతులమ్మ. చూస్తుండగానే బారు గుమ్మం దాటి మెట్ల దాకా పోయింది.

"అయిదుగురు చాలన్నాను కదా! విచారణ అయిపోయింది!" అన్నాడు అధికారి.

"మీకు చాలు సార్," అన్నాడు కిరాణా బాబాయి ముక్కు తుడుచుకుంటూ. "మాకు చాలదు."

అధికారి బారు వంక చూశాడు, గుమ్మంలో సిపాయిల వంక చూశాడు, మళ్ళీ కుర్చీలో కూర్చుని, "ఊఁ, చెప్పమ్మా," అన్నాడు. ముసలావిడ మొదలుపెట్టింది. డాక్టరు భార్య ఒళ్ళోని సంచీ తీసి బెంచీ కిందికి తోసేసి, భర్త పక్కన సర్దుకుని కూర్చుని వినసాగింది.